రేపటి నుంచి లైన్ నువ్వే చూసుకో

మా లైన్ సూపర్‌వైజర్ సెలవు మీద తన ఊరికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయనది తమిళనాడు. పండక్కని వెళ్ళాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. కొన్నాళ్ళు చూసి, ఒక సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కబోతున్న నన్ను ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ వెనక్కి పిలిచాడు.

"రేపటి నుంచి లైన్ నువ్వే చూసుకో" అన్నాడు.

వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నాకు కాలర్ కుట్టుడు తప్ప ఏం రాదు సార్."

"ఐదేండ్ల సంది కుడుతున్నవ్. ఇంకేం రావాలె? వాళ్ళతోని పని చేయించుడే. పో, బస్సు పోతాంది."

నాకు దొరికిన శిక్షణ అంతే. బస్సు కదులుతుంటే ఉరికి ఎక్కాను. నా సీటు పక్కన కూర్చున్న నా దోస్తు "ఏమన్నడే?" అని అడిగింది. చెప్పాను. ఆమె "ఇగ మా బతుకు నీ చేతులున్నది" అని పకపకా నవ్వింది. ఇద్దరం ఊరు వచ్చేదాకా దాని మీదే నవ్వుకుంటూ ఉన్నాం.

మాది చొక్కాలు కుట్టే కంపెనీ. జడ్చర్ల దాటాక హైవే పక్కన ఉంటుంది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు పెట్టారు. మా నాయిన తరం వాళ్ళు మట్టి పనికి బొంబాయి, పూనా పోయి ఏడాదికి ఒకసారి కనిపించేవాళ్ళు. అలాంటి ఊళ్ళకు పొద్దున్నే బస్సు వచ్చి, ఆడవాళ్ళను ఎక్కించుకుని పోయి, సాయంత్రానికి దించిపోతుందంటే మాకది గొప్పగానే ఉండేది. నా పెనిమిటి బోర్లు వేసే బండి మీద పనికి వెళ్ళి నెలలో సగం రోజులు ఎక్కడెక్కడో ఉండేవాడు. ఇంట్లో అత్త, నా బిడ్డ, నాలుగు గొర్లు. నా జీతం మీదే ఇల్లు నడిచేది.

లైన్ అంటే వరుసగా వేసిన మిషన్లు. కత్తిరించిన గుడ్డ కట్టలుగా ఒక చివర మొదలవుతుంది. ఒకరు జేబు కుడతారు, ఒకరు కాలర్ తయారు చేస్తారు, ఒకరు దాన్ని మెడకు ఎక్కిస్తారు, ఒకరు చేతులు కలుపుతారు. రెండో చివరకు వచ్చేసరికి అది చొక్కా అవుతుంది. మధ్యలో ఎవరి చెయ్యి ఆగినా వాళ్ళ ముందు కట్టలు పేరుకుపోతాయి, వాళ్ళ తర్వాతివాళ్ళు ఖాళీగా కూర్చుంటారు. నేను కాలర్ తయారు చేసేదాన్ని. నా దోస్తు పక్క మిషన్ మీద దాన్ని మెడకు ఎక్కించేది. ఇద్దరివీ పక్కపక్క ఊళ్ళు. ఐదేళ్ళు ఒకే బస్సు సీటు, ఒకే సద్ది. ఆమె తెచ్చిన తొక్కు నేను, నేను తెచ్చిన కూర ఆమె.

మరునాడు స్టోర్‌లో నాకు నీలం కోటు ఇచ్చారు. పాత సూపర్‌వైజర్ కోటే. భుజాలు జారిపోతుంటే కుట్టు వేసి తగ్గించుకున్నాను. దానితోపాటు ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చారు. లైన్‌లో ఎవరు బాత్రూంకు పోవాలన్నా నన్ను అడిగి ఆ కార్డు మెడలో వేసుకుని పోవాలి. లైన్ మొత్తానికి ఒక్కటే కార్డు. నిన్నటిదాకా నేనూ ఆ కార్డు కోసం పాత సూపర్‌వైజర్ ముందు నిలబడ్డదాన్నే. ఇప్పుడు నాకన్నా పెద్దావిడ, మా అమ్మ వయసు మనిషి, వచ్చి "జర పోయొస్త బిడ్డా" అని చెయ్యి చాపితే నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

మొదటి రోజే పొద్దెక్కేలోపు చేతులు కలిపేచోట కట్టలు గుట్టయ్యాయి. అక్కడి అమ్మాయి కొత్తది. ఏం చేయాలో తోచక నేనే ఒక ఖాళీ మిషన్ మీద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. కుడుతుంటే ప్రాణం కుదుటపడింది. ఈలోగా అటు జేబుల దగ్గర సూది విరిగింది, ఇటు బటన్ల దగ్గర దారం రంగు మారింది, మెకానిక్‌ను పిలిచేవాళ్ళు లేరు. ఇన్‌ఛార్జ్ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"నిన్ను కూసోమన్ననా? కూసోపెట్టమన్న" అన్నాడు అందరికీ వినబడేలా.

లేచి నిలబడ్డాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నిలబడే ఉన్నాను. ఐదేళ్ళు కూర్చుని పనిచేసిన కాళ్ళు. ఇంటికి వెళ్ళి నీళ్ళ బకెట్‌లో పెట్టుకుంటే అత్త కొంచెం ఉప్పు తెచ్చి వేసింది.

మా పక్క లైన్‌కు ఒక అక్క సూపర్‌వైజర్‌గా ఉండేది. ఆమె, ఆమె పెనిమిటి మోత్కూర్ దిక్కు నుంచి వచ్చి జడ్చర్లలో కిరాయికి ఉండేవాళ్ళు. టీ టైంలో ఆమె దగ్గరికి వెళ్ళి, "నీకెవరు నేర్పిండ్రక్కా?" అని అడిగాను.

"నాకెవ్వరు నేర్పుతరు? మొదట్ల బాత్రూంల కూసోని ఏడుస్తుంటి. తర్వాత ఏడుద్దామన్నా టైం దొరకలే."

అని నవ్వి, టీ తాగుతూనే చెప్పింది. "పొద్దుగాల బస్సులు దిగుతుంటే గేటు కాడనే నిలవడు. ఎవరు దిగలేదో చూసుకో. వాళ్ళ మిషన్ మీద ఎవర్ని కూసోపెడ్తవో లోపటికి నడుసుకుంటనే అనుకో. లోపటికి పోయినంక ఆలోచిస్త అంటే సారు ఆలోచించనియ్యడు. మిగిలింది నీ చేతుల లేదు, నా చేతుల లేదు."

నాకు ఎవరైనా ఏదైనా నేర్పారంటే ఆమే. రెండు మూడు నెలలు ఆమెను చూసి నడుచుకున్నాను. ఆ తర్వాత ఆమె పెనిమిటికి నల్లగొండలో పని దొరికింది. సామాను ఆటోలో వేసుకుని వెళ్ళేముందు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని "పైలం" అని జాగ్రత్త చెప్పింది. ఆమె లైన్‌ను కూడా కొన్నాళ్ళు నన్నే చూడమన్నారు.

శిక్షణ ఒకటి జరిగింది. లేదని చెబితే అబద్ధం అవుతుంది. హైదరాబాద్ నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. సూపర్‌వైజర్లందరినీ మీటింగ్ హాల్‌లో కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో కొంత, హిందీలో కొంత మాట్లాడాడు. మమ్మల్ని జట్లుగా చేసి కాగితం కప్పులతో గోపురం కట్టమన్నాడు. మా జట్టు గోపురం కూలిపోయింది. మంచి లీడర్ మాట వినిపించుకోవాలి అన్నాడు. సమోసా, చాయ్ ఇచ్చారు. తిరిగి ఫ్లోర్ మీదికి వచ్చేసరికి లైన్ ఆగిపోయి ఉంది. అర పూట వృథా అయిందని ఇన్‌ఛార్జ్ నన్ను తిట్టాడు. "మీరే పొమ్మన్నరు గద సార్" అంటే, "పొమ్మన్న గని లైన్ బంద్ పెట్టి పొమ్మన్ననా?" అన్నాడు.

ఇక నేను నేర్చుకోవడానికి మిగిలింది ఇన్‌ఛార్జ్ ఒక్కడే. ఆయనకు అరవడం వచ్చు. నేనూ అరవడం నేర్చుకున్నాను. అన్ని మిషన్ల మోతలో మామూలు మాట వినబడదు. లైన్ ఈ చివర నిలబడి ఆ చివరకు వినబడేలా అరవాలి. "ముచ్చట్లు బంద్! చెయ్యి ఆడాలె, చెయ్యి! జల్ది, జల్ది!" పొద్దున్నుంచి అదే. మొదట్లో అరిచాక ఎవరి ముఖమైనా చూడాలంటే సిగ్గేసేది. తర్వాత అరిచినట్టే తెలిసేది కాదు. ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడేదాన్ని. ఒక ఆదివారం దొడ్లో నా బిడ్డ చిన్న కట్టె పట్టుకుని, మేత మేస్తున్న గొర్రె పిల్లల ముందు అటూ ఇటూ నడుస్తూ "చెయ్యి ఆడాలె, చెయ్యి! జల్ది!" అంటోంది. అత్త చూసి నవ్వింది. నేను లోపలికి వచ్చి పని లేకపోయినా పొయ్యి దగ్గర కూర్చున్నాను.

లైన్‌లో అందరూ నన్ను మేడం అనేవాళ్ళు. నా దోస్తు మాత్రం ఎగతాళికి అనేది. "మేడం గారూ, సద్ది తింటరా?" అని. సద్ది ఇంకా కలిసే తినేవాళ్ళం, నాకు తినే తీరిక దొరికిన రోజున.

అది చెడింది పీర్ల పండుగకు. మా దిక్కు ఊళ్ళలో ఆ పండుగ అందరిదీ. నా దోస్తు ఇంట్లో తాతల కాలం నుంచి ఊరేగింపులో పీరు ఎత్తుతారు. ఆమె పెనిమిటి ఉపవాసం ఉండి ఎత్తాలి. ఆమె రెండు వారాల ముందే సెలవు చెప్పింది. ఆమే కాదు, లైన్‌లో సగం మంది అడిగారు. సెలవు ఇచ్చే అధికారం నాకు లేదు. కానీ నీలం కోటు వేసుకున్న మనిషికి అధికారం లేదంటే ఎవరు నమ్ముతారు? ఇన్‌ఛార్జ్‌ను అడిగాను. సరుకు ఓడ ఎక్కాల్సిన వారం అది.

"ఒక్కరికి గూడ ఇయ్యకు. ఇస్తే నువ్వే జిమ్మేదారి" అన్నాడు.

"మీరు ఒకసారి వచ్చి చెప్పుండ్రి సార్."

"నిన్నెందుకు పెట్టినం మరి?"

సాయంత్రం మిషన్లు ఆపాక అందరినీ నిలబెట్టి చెప్పాను. అందరూ సద్ది గిన్నెలు సర్దుకుని బస్సుల వైపు నడిచారు. నా దోస్తు మాత్రం దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వు చెప్తున్నవా, సారు చెప్తున్నడా?"

సార్ చెప్తున్నాడంటే నా మాటకు విలువ ఉండదని పోయిన వారమే ఇన్‌ఛార్జ్ అన్నాడు. "నేనే చెప్తున్న" అన్నాను.

"గట్లనా మేడం" అంది. నవ్వకుండా ఆ మాట అనడం అదే మొదటిసారి.

పండుగ రోజు గేటు దగ్గర నిలబడితే బస్సులు సగం ఖాళీగా వచ్చాయి. లోపలికి నడుస్తూనే ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో అనుకున్నాను. అనుకున్నంతవరకు కూర్చోబెట్టాను. మెడకు కాలర్ ఎక్కించే మిషన్‌కు మనిషి మిగల్లేదు. అది రాక లైన్ మొత్తం ఆగింది. ఇక ఆలోచించలేదు. నా దోస్తు స్టూలు లాక్కుని కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. మధ్యమధ్యలో లేచి లైన్ అంతా తిరిగి, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. ఇన్‌ఛార్జ్ వచ్చి, "కోటు వేసుకోని కుడుతున్నవేంది?" అన్నాడు.

కోటు విప్పి మిషన్ దీపానికి తగిలించి మళ్ళీ కుట్టాను. ఎదిరించాలని కాదు. ఆ మాటకు జవాబు వెతుక్కునే ఓపిక లేక. ఆయన వెళ్ళిపోయాడు. ఆ సరుకు ఆ రోజు పోయింది. ఎలా పోయిందని ఎవరూ అడగలేదు.

పండుగ తర్వాత నా దోస్తు వచ్చేసరికి ఆమె పేరు మా లైన్‌లో లేదు. చొక్కాలకు దారాలు కత్తిరించి ఇస్త్రీ చేసి మడిచే ఫినిషింగ్ సెక్షన్‌కు పంపారు. మిషన్ పని నుంచి అక్కడికి పోవడం అంటే మా దగ్గర చిన్నతనం. నన్ను ఎవరూ అడగలేదు. ఆ సంగతి నాకు ఆమె కట్టె స్టూలు మీద ఇంకొకరు కూర్చున్నాకే తెలిసింది. కానీ అందరూ నేనే పంపించాననుకున్నారు. ఆమె బస్సులో వేరే సీటు చూసుకుంది. నేను ఒకసారి లేచి దగ్గరికి వెళ్ళాను. ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. కొన్ని వారాలకు, కొత్త మనిషి ఎక్కించిన కాలర్లు చెకింగ్‌లో కుప్పలుగా తిరిగివస్తుంటే, ఆమెను మళ్ళీ మా లైన్‌కే పంపారు. అప్పుడూ నన్ను అడగలేదు. ఆమె వచ్చి తన మిషన్ మీద కూర్చుంది. పని తీసుకునేది, పని ఇచ్చేది. మాట లేదు.

ఆ చలికాలం నా గొంతు పోయింది. మొదట బొంగురు పోయింది. అత్త మిరియాల పాలు ఇచ్చింది, శొంఠి నీళ్ళు ఇచ్చింది. తగ్గినట్టే తగ్గి, ఒక పొద్దున నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మహబూబ్‌నగర్ దవాఖానకు వెళ్ళాను. డాక్టరమ్మ గొంతులోకి సన్నటి గొట్టం పెట్టి చూసింది.

"టీచర్‌వా అమ్మా?" అని అడిగింది.

తల అడ్డంగా ఊపి, కాలితో మిషన్ తొక్కినట్టు చూపించాను. నాతో వచ్చిన అత్త అందుకుని, "కంపెనీల సూపర్‌వైజరమ్మా. దినమంత ఒర్రుడే దీని పని" అంది.

అరిచి అరిచి గొంతులో చిన్న చిన్న కాయలు లేచాయట. రెండు వారాలు నోరు తెరవొద్దంది. గుసగుస కూడా వద్దంది. ఆ చీటీ తీసుకెళ్ళి ఇన్‌ఛార్జ్ ముందు పెట్టాను. ఆయన చదివి నా చేతికే ఇచ్చాడు.

"ఇప్పుడు సెలవు ఇస్తే లైన్ ఎవరు చూస్తరు? మాట్లాడకు. వచ్చి నిలవడు, చాలు."

వెళ్ళి నిలబడ్డాను.

మొదటి రోజు చప్పట్లు కొట్టి చూశాను. మిషన్ల మోతలో ఎవరికీ వినబడలేదు. ఇక ప్రతి మిషన్ దగ్గరికీ నడిచి వెళ్ళి, భుజం తట్టి, చేత్తో చూపించడమే. ఇదివరకు ఒక చివర నిలబడి అరిస్తే అయిపోయే పని. ఇప్పుడు సాయంత్రానికి మడమలు మండేవి. నాకు చేతి సైగలు కూడా సరిగ్గా రావు. ఒకసారి జేబులు కుట్టే అమ్మాయిని లేపి చేతులు కలిపే మిషన్ దగ్గరికి రమ్మని నా భుజం, నా చెయ్యి చూపించాను. ఆ పిల్ల బెదిరిపోయి "చెయ్యి నొస్తుందా మేడం?" అంది. పక్కన ఎవరో నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది.

నా దోస్తు తల ఎత్తకుండా, కుట్టు ఆపకుండా అంది. "నిన్ను చేతులు కలిపే కాడికి రమ్మంటున్నది. పో."

అప్పటినుంచి ఆమే నా మాట అయింది. నేను చెయ్యి ఊపితే ఆమె అరిచి చెప్పేది. ఎవరూ ఒప్పజెప్పలేదు, నేను అడగనూ లేదు. కొన్నిసార్లు నేను అనని మాట కూడా అనేది. "మేడం ఏమంటున్నదంటే, సారు వస్తున్నడు, ఫోన్లు లోపట పెట్టుకోండ్రి అంటున్నది" అని ఒకసారి అంటే లైన్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, చప్పుడు లేకుండా.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బస్సులో వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు మాట్లాడకు, నేను చెప్తె ఇను" అంది. "నన్ను ఫినిషింగ్‌కు పంపింది నువ్వు కాదని నాకు తెల్సు. ఆ దినమే తెల్సు. నీకు గంత బలం యాడున్నది? గని నాకు కోపమొచ్చింది. ఎవరి మీద చేయాలె? సారు మీద చేస్తె గేటు బయట ఉంటుంటి. అందుకే నీ మీద చేసిన."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది. "మాట్లాడొద్దన్నరు గద. నువ్వన్న మాట గూడ నేను మర్వలే. 'నేనే చెప్తున్న' అన్నవ్ చూడు, గది. సారు చెప్పిండంటె ఏం పోతుండె నీది?"

నా దగ్గర జవాబు ఉండింది. ఇన్‌ఛార్జ్ నాకేం చెప్పాడో, ఎందుకు అలా అనాల్సి వచ్చిందో. గొంతు ఉంటే చెప్పేదాన్నే, ఆమె మళ్ళీ ఏదో అనేది, మాటకు మాట పెరిగేది. చెప్పలేక ఊరుకున్నాను. ఆమె వాళ్ళ ఊరి దగ్గర దిగుతూ నా సంచిలో నాలుగు జామకాయలు పడేసి పోయింది.

ఆ రెండు వారాల్లో మా లైన్ పని పెరగలేదు, తగ్గలేదు. నేను అరిచిన రోజుల్లో ఎంత అయ్యేదో అరవని రోజుల్లోనూ అంతే అయింది. ఇన్‌ఛార్జ్ దాని గురించి ఏమీ అనలేదు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. మరి ఇన్నాళ్ళు అరిచింది ఎందుకు? నా గొంతు, నా బిడ్డ చెవులు, ఈ ఆడవాళ్ళ ముఖాలు, ఇదంతా దేనికి పోయినట్టు?

గొంతు తిరిగి వచ్చింది, కానీ పాతది కాదు. ఇప్పటికీ ఫోన్‌లో కొత్తవాళ్ళు నన్ను "అన్నా" అంటారు. అరవడం తగ్గించాను. మానేశానని చెప్పలేను. సరుకు పోయే వారాల్లో ఇన్‌ఛార్జ్ నా మీద అరిస్తే, నేనూ ఒకటి రెండుసార్లు అరుస్తాను. ఒకసారి ధైర్యం చేసి, మళ్ళీ కాలర్ మిషన్ మీద కూర్చుంటానని అడిగాను. జీతం తగ్గినా సరే అన్నాను. "పైకి ఎక్కినోళ్ళను కిందికి దించే రివాజు లేదు. ఉంటె ఉండు, పోతె పో" అన్నాడు. పోయే వీలు నాకు లేదు. బోరు బండి పని ఆ ఏడాది సరిగ్గా నడవలేదు.

నా దోస్తు ఆ ఎండాకాలం వెళ్ళిపోయింది. ఆమె పెనిమిటికి హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని దొరికింది. అక్కడే చిన్న గది ఇచ్చారట. నెలకోసారి ఫోన్ చేస్తుంది. "మీ సారు ఉన్నడా, సచ్చిండా?" అని అడుగుతుంది. ఉన్నాడు. ఆయన మీద కూడా పైనుంచి ఎవరో అరుస్తారని ఇప్పుడు నాకు తెలుసు. ఆఫీసు గదిలో ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని నిలబడటం చూశాను. జాలి పడాలనిపించింది కానీ పడలేకపోయాను.

మొన్న పక్క లైన్‌కు కొత్త సూపర్‌వైజర్ వచ్చింది. డిగ్రీ చదివి, సర్కారు నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి విసిగి, ఈ పనికి వచ్చిన పిల్ల. మిషన్ ఎక్కి ఎరగదు. మొదటి రోజు ఆమె కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆమెను వారం రోజులు నాతో తిప్పుకుంటానని ఇన్‌ఛార్జ్‌ను అడిగాను.

"నీ లైన్ నువ్వు చూసుకో" అన్నాడు.

టీ టైంలో ఆమె దగ్గరికి వెళ్ళాను. "పొద్దుగాల గేటు కాడ నిలవడు" అని మొదలుపెట్టాను. ఆమె ఫోన్ తీసి నేను చెప్పేదంతా రికార్డు చేసుకోబోయింది. వద్దన్నాను. ఒక్కసారికి అయ్యే పని కాదని, రేపు మళ్ళీ వస్తానని చెప్పాను. గంట కొట్టారు. ఆమె తన లైన్ వైపు నడిచింది, నేను నా లైన్ వైపు నడిచాను. జేబుల దగ్గర అప్పటికే కట్టలు పేరుకుని ఉన్నాయి.